నెలకు 80 గంటలు

నేను అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర పని చేస్తాను. పుచ్చు బెండకాయలు ఏరి పక్కన పెట్టడం, కరివేపాకు కవర్లలో సర్దడం, రద్దీగా ఉంటే బిల్లింగ్‌కి వెళ్లడం. అన్నయ్య స్పాన్సర్ చేస్తే 2017లో గుంటూరు నుంచి వచ్చాం. ఇప్పుడు నాకు 53, మా ఆయనకు 58, పాపకు 15.

మా ఆయన మోకాళ్లు పాడై పని మానేశాక ఫుడ్ స్టాంపులకు పెట్టుకున్నాం, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి సరుకుల కోసం ప్రభుత్వం కార్డులో వేసే డబ్బు. పేరు 2008లోనే స్నాప్ అని మార్చారట, మనవాళ్లు మాత్రం ఇంకా ఫుడ్ స్టాంపులే అంటారు. అప్పటికే మాకు సిటిజన్‌షిప్ వచ్చేసింది కాబట్టి స్పాన్సర్ చేసిన అన్నయ్య జీతం మా ఆదాయం లెక్కలో కలపలేదు. గ్రీన్‌కార్డు మీద ఉన్న పెద్దవాళ్లయితే మామూలుగా ఐదేళ్లు ఆగాలి, హెచ్1బీ వీసా మీద పనికొచ్చిన వాళ్లకు అసలు రాదు.

ఈ చలికాలంలో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. నేను రెండుసార్లు, పాప ఒకసారి చదివాక అర్థమైంది ఇదీ: నెలకు 80 గంటల పని చూపించాలి, చూపించకపోతే మూడేళ్లలో మూడు నెలలే కార్డులో డబ్బు పడుతుంది. ఆ మూడు నెలలు వరుసగా ఉండక్కర్లేదు, ఎప్పుడు తప్పినా లెక్కలోకి వస్తుంది.

ఈ రూలు 1996 నుంచీ ఉంది, కానీ మాలాంటి వాళ్లకు తగిలేది కాదు. ఇంట్లో 18 ఏళ్లలోపు పిల్లలుంటే మినహాయింపు ఉండేది, వయసు కూడా మొదట్లో 49 వరకే, తర్వాత 54 చేశారు. 2025 జులై 4న సంతకమైన చట్టంతో వయసు 64కి వెళ్లింది, పిల్లల మినహాయింపు 14 ఏళ్లలోపుకి తగ్గింది. పాపకు 15 నిండాయి, మేమిద్దరం ఒకేసారి ఇరుక్కున్నాం.

పనికి నేనేనాడూ వెనకాడలేదు. కానీ స్టోర్‌లో గంటలు నా చేతిలో లేవు. పండగలు అయిపోయి చలి ముదిరితే షిఫ్టులు తగ్గించేస్తారు, అడిగితే బిజినెస్ లేదంటారు. ఆ నెల పే స్టబ్బులు (వారం వారం ఇచ్చే జీతం చీటీలు) వంటింటి గట్టు మీద పరుచుకుని గంటలు కూడితే 18, 16, 22, 15. మొత్తం 71. తొమ్మిది గంటలు తక్కువ! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి చాలాసేపు హోల్డ్‌లో ఉన్నాక ఒకావిడ ఓపిగ్గా చెప్పింది, జీతం వచ్చే పనే కానక్కర్లేదు, వాలంటీర్ పని లెక్కే, వాళ్లు ఒప్పుకున్న ట్రైనింగూ లెక్కే, జీతం పనితో అన్నీ కలిపి 80 అయినా చాలు అని. మా వీధి చివర చర్చిలో ఫుడ్ ప్యాంట్రీ ఉంది, లేనివాళ్లకు సరుకులు ఉచితంగా ఇస్తారు. తర్వాతి నెలలో మూడు శనివారాలు, రోజుకు మూడు గంటలు, డబ్బాలు సర్ది బియ్యం సంచులు కట్టాను. ప్రతిసారీ తేదీ, గంటలు రాయించి సంతకం పెట్టించుకున్నాను.

ఊళ్లో ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎండలో ఎంత మట్టి తవ్వినా మస్టర్‌లో పేరు లేకపోతే కూలి పడదు. అయితే అక్కడ పని అడిగితే చూపించాల్సింది ప్రభుత్వం. ఇక్కడ పని వెతుక్కోవాల్సిందీ మనమే, మస్టర్ రాసుకోవాల్సిందీ మనమే. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. షిఫ్టులు కోసింది యజమాని, సంజాయిషీ ఇచ్చుకునేది నేను.

మా ఆయన సంగతి వేరు. డాక్టర్ ఇచ్చిన మొదటి కాగితంలో మోకాలి నొప్పి అని మాత్రమే ఉంది, అది చాలదన్నారు. పని చేయలేడు అని స్పష్టంగా రాయించి తెస్తే ఆయనకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి డాక్టర్ దగ్గరే ఆ మాట ఉందో లేదో చూసుకుని బయటికి రండి. గర్భిణులకు, మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు కూడా మినహాయింపు ఉంది. మంచు తుఫానుకో జ్వరానికో కొన్ని రోజులు పని తప్పి, ఉద్యోగం మాత్రం అలాగే ఉంటే, ఆ కారణం చెప్పండి, ఊరుకోకండి.

మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే వదిన రెండిళ్లలో పిల్లల్ని చూసుకుంటుంది, డబ్బు చేతికిస్తారు. ఆ గంటలూ పనికొస్తాయి, కాకపోతే ఆ ఆదాయం చెప్పాలి, ఆ ఇళ్లవాళ్లు రాసిచ్చిన కాగితం ఉండాలి. "అడగడానికి మొహమాటంగా ఉంది వదినా," అని రెండు నెలలు పోగొట్టుకుంది. నేనే వెంట వెళ్లి అడిగాను. పది నిమిషాల్లో రాసిచ్చారు.

ఇంకో మాట. గంటలు తక్కువైతే ఆగేది ఆ మనిషి వాటా ఒక్కటే, పిల్లల వాటా పడుతూనే ఉంటుంది. అందుకని భయపడి మొత్తం కేసు మూసేయించుకోకండి. ఆగిపోయినా 30 రోజుల్లో 80 గంటలు చేసి చూపిస్తే మళ్లీ తెరుచుకుంటుంది. కోత తప్పనిపిస్తే 90 రోజుల్లోగా హియరింగ్, అంటే విచారణ, అడగొచ్చు, కోత మొదలయ్యే తేదీకి ముందే అడిగితే తీర్పు వచ్చేదాకా పాత మొత్తమే వేయమని అడగొచ్చు, ఓడితే మాత్రం ఆ డబ్బు తిరిగి కట్టమనవచ్చు. ఆ తేదీ ఉత్తరంలోనే ఉంటుంది. కవరు వచ్చిన రోజే చించి చదవండి.