పాల ధర దగ్గర ఆగకుండా తిరిగిన రికర్షన్: నా అనుభవం

మా పిన్నిగారబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. ఊళ్లో పాల కేంద్రం లెక్కల కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాడు. లీటరు ధర ఎప్పుడెప్పుడు మారిందో తేదీల వరసలో ఒక లిస్టు, తేదీ ఇస్తే ఆ రోజు ఏ ధర నడిచిందో చెప్పే ఫంక్షన్ ఒకటి. అది తనని తానే మళ్లీ మళ్లీ పిలుచుకుంటూ వెతుకుతుంది, దీన్నే రికర్షన్ అంటారు. బాగా పాత తేదీ ఇస్తే జవాబు వస్తోంది. ఈ నెల తేదీ ఇస్తే స్క్రీన్ నిండా ఎర్రర్.

"అన్నా, రికర్షన్ లిమిట్ దాటిందంటోంది. లిమిట్ పదివేలు చేసేయనా?" అని ఫోన్ చేశాడు.

వద్దన్నాను. ఫంక్షన్ అలా ఎంత లోతుకి తనని పిలుచుకోవచ్చో చెప్పే ఆ లిమిట్ పైథాన్‌లో మామూలుగా 1000. వాడి లిస్టులో ఉన్నవి 8 ధరలు. ప్రతిసారీ సగం పక్కన పెట్టేసే బైనరీ సెర్చ్ ఇది. 8 ధరలకు మూడు మెట్లు చాలు, పది లక్షలున్నా 20 దాటవు. అలాంటిది వెయ్యి మెట్లు దిగిందంటే ఎక్కడో ఒకచోటే తిరుగుతోందని అర్థం. లిమిట్ పెంచితే ఎర్రర్ కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

వాడేమో బేస్ కేసునే, అంటే ఎప్పుడు ఆగాలో చెప్పే భాగాన్నే, పట్టుకుని కూర్చున్నాడు. వెతికే భాగంలో మొదటి గడి నంబరు 'మొదలు', ఆఖరి గడి నంబరు 'చివర'; 8 ధరలకు గళ్లు 0 నుంచి 7 దాకా. ఆ రెండూ సమానమైతే ఆగాలి. రాసింది సరిగ్గానే ఉంది. నాకైతే ఇలాంటి చోట బేస్ కేసు కన్నా, తర్వాతి కాల్‌కి ఏం పంపుతున్నామో చూడటం మీదే గురి. అందుకే ఫంక్షన్ మొదటి లైన్లో మొదలు, చివర విలువల్ని ప్రింట్ చేయమన్నాను. వచ్చింది ఇదీ:

0 7
3 7
5 7
6 7
6 7
6 7

ఆ కింద అంతా 6 7. గానుగెద్దులా అక్కడక్కడే.

కోడ్‌లో ఉన్నది: మధ్య = (మొదలు + చివర) // 2. మధ్యలోని తేదీ మనం అడిగిన తేదీకి ముందుదో, అదే రోజుదో అయితే 'మధ్య నుంచి చివర దాకా' వెతకాలి. కాకపోతే 'మొదలు నుంచి మధ్య - 1 దాకా'. 6, 7 కలిపితే 13, అందులో సగం 6. మిగిలిన ఒకటిని // వదిలేస్తుంది. అంటే మళ్లీ 6 నుంచి 7 దాకా వెతకమనే కాల్ వెళ్తుంది. రెండు గళ్లే మిగిలాక ఈ వైపు వెళ్తే ఒక్క గడి కూడా తగ్గదు. బాగా పాత తేదీకి 0 7, 0 2, 0 0 అని దిగి ఆగిపోతోంది కాబట్టి వాడికి అనుమానం రాలేదు.

లిస్టుని రెండు ధరలకు కుదించమన్నాను. అప్పుడు మొదటి కాల్‌లోనే దొరికిపోతుంది, కాగితం మీద కూడా చూసుకోవచ్చు.

"అయితే మధ్య + 1 నుంచి వెతికితే సరి, పుస్తకంలో అలాగే ఉంది" అన్నాడు. పుస్తకంలో వెతికేది సరిగ్గా అదే విలువ కోసం, కనుక సరిపోలని మధ్యని పారేయొచ్చు. ఇక్కడ మధ్యలో ఉన్నదే జవాబు కావచ్చు. ఆ ధర నెల కిందట మొదలై ఇవాళ్టికీ నడుస్తుండొచ్చు. దాన్ని పారేస్తే ఈ నెల తేదీకి ఎర్రర్ పోతుంది కానీ వేరే కొన్ని తేదీలకు బిల్లు తప్పుతుంది. ఆ రెండోది ఇంకా ప్రమాదం, ఎవరూ గమనించరు.

మార్చాల్సింది సగం చేసే లైను: (మొదలు + చివర + 1) // 2. ఇప్పుడు 6, 7కి మధ్య 7 అవుతుంది. అటు వెళ్తే 7 7, ఇటు వెళ్తే 6 6. ఎటు వెళ్లినా కనీసం ఒక గడి తగ్గుతుంది.

తర్వాత 8 తేదీలకూ, ఒక్కోదానికి ముందు రోజుకీ, మర్నాటికీ టెస్ట్ చేయించాను. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. లిస్టులో మొదటి తేదీకి ముందు రోజు ఇస్తే నోరు మూసుకుని మొదటి ధరే ఇచ్చేస్తోంది. ఆ రోజుకి ధరే లేదు. దానికి ఫంక్షన్‌లోకి వెళ్లకముందే విడిగా చెక్ పెట్టించాను.

పైథాన్‌లోనే బైసెక్ట్ అనే మాడ్యూల్ ఉంది, ఈ పనంతా రికర్షన్ లేకుండా చేసిపెడుతుంది. అందులోని బైసెక్ట్_రైట్, అడిగిన తేదీని లిస్టులో ఎక్కడ చేర్చాలో (అదే తేదీ ఉంటే దాని తర్వాత) ఆ స్థానం చెబుతుంది. అందులోంచి ఒకటి తీసేస్తే చాలు. కానీ అక్కడా ఆ చెక్ ఉండాల్సిందే. మొదటి తేదీకి ముందు రోజుకి -1 వస్తుంది, పైథాన్ లిస్టులో -1 అంటే చివరి గడి. పాతకాలపు పాలకి ఇవాళ్టి రేటు పడుతుంది.