బోరు నీళ్ల పూల్‌లో కాల్షియం లెక్క

హైదరాబాద్ శివార్లలో ఇంటి స్విమ్మింగ్ పూల్‌ను చాలామంది బోరు నీళ్లతోనో, మరెక్కడి బోరు నుంచో వచ్చే ట్యాంకర్ నీళ్లతోనో నింపుకుంటారు. మా ఇంట్లోనూ అంతే. గ్రానైట్ పగుళ్లలో నిలిచిన ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి కనుక, కఠినత్వం (నీటిలో కరిగిన ఈ ఖనిజాల మోతాదు) పెంచడానికి కాల్షియం క్లోరైడ్ కలపమనే విదేశీ సలహా మనకు పనికిరావడం అరుదు.

పరీక్షకు నేను స్ట్రిప్‌ల కంటే చుక్కల కిట్‌నే నమ్ముతాను, ఎందుకంటే స్ట్రిప్ సాధారణంగా మొత్తం కఠినత్వాన్ని చూపుతుంది. పూల్‌కు తెలియవలసింది అందులో కాల్షియం వాటా. మోచేయి మునిగేంత లోతు నుంచి తీసిన నీటిలో కిట్‌తో వచ్చిన బఫరూ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), రంగు మారే సూచికా కలిపితే ఎర్రబడుతుంది. తర్వాత కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని ఒక్కో చుక్కే వేస్తూ గొట్టాన్ని తిప్పుతూ ఉంటే, ఎరుపు కాస్సేపు ఊదాగా ఊగిసలాడి చివరకు నీలంగా మారుతుంది. అప్పటిదాకా పడిన చుక్కల సంఖ్యను బట్టే కాల్షియం ఎంతో తెలుస్తుంది. తొందరపడి ఊదా దగ్గరే ఆపేస్తే లెక్క తక్కువ వస్తుంది.

సిమెంటు, టైల్స్ పూల్‌కు కాల్షియం 200 నుంచి 400 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) మధ్య ఉండటం మంచిది. అంతకు బాగా తగ్గితే నీరు టైల్స్ మధ్య గ్రౌట్‌ను తినేస్తుంది. మించితే నీటి అంచు వెంబడి గరుకైన తెల్లటి పొర కడుతుంది. ఎండాకాలంలో నీరు ఆవిరైనా కాల్షియం పూల్‌లోనే మిగిలిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి మళ్లీ బోరు నీళ్లే పోస్తాం. పైగా క్లోరిన్ కోసం వాడే కాల్షియం హైపోక్లోరైట్, ప్రతి 1 పీపీఎం క్లోరిన్‌కూ దాదాపు 0.7 పీపీఎం కఠినత్వాన్ని చేరుస్తుంది. ఈ కారణంగానే బోరు ఇళ్లవారికి ద్రవ రూపంలోని సోడియం హైపోక్లోరైటే మేలని నా అభిప్రాయం.

కాల్షియాన్ని తగ్గించడానికి తేలికైన మార్గం నీరు మార్చడమే. పూల్‌లో 600 పీపీఎం ఉండి, కొత్త నీటిలో 100 ఉంటే, 400కు దించడానికి 40 శాతం నీటిని మార్చాలి. అదే కొత్త నీటిలో 350 ఉంటే 80 శాతం పారబోయవలసి వస్తుంది. కాబట్టి ట్యాంకర్ నీటిని పూల్‌లోకి వదలకముందే పరీక్షించుకోవాలి. డాబా మీద నుంచి వడగట్టి పట్టిన వాన నీటిలో కఠినత్వం నామమాత్రమే కనుక, తొలి వాన వదిలేసి ఆ తర్వాతి నీటిని కలుపుకోవచ్చు. వానలు పడేదాకా పీహెచ్‌ను 7.2, 7.4 మధ్య, ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తిని) 80 పీపీఎం దగ్గర నిలిపితే పొర కట్టడం చాలావరకు తగ్గుతుంది.