పోయిన ఎనిమిది అడుగుల సంగతి సరే, మిగిలినదాని మాటేంటి?

రోడ్డు వెడల్పు చేస్తున్నారని తెలియగానే అందరూ అడిగేది ఒక్కటే, "మీది ఎంత పోతోంది?" మాది 8 అడుగులు పోయింది. ఆ 8 అడుగుల్లో ఏమేం ఉన్నాయో మాత్రం ఎవరూ అడగరు. పైకి వెళ్లే మెట్లు, సంపు, కరెంటు మీటర్లు, అన్నిటికంటే ముఖ్యంగా ముందు వరస పిల్లర్లు అక్కడే ఉన్నాయి. పిల్లర్ తీసేస్తే దాని మీద కూర్చున్న బీముకి ఆధారం ఉండదు, ఆ బీము మోస్తున్న శ్లాబు గాల్లో ఉంటుంది. జేసీబీ ఎర్ర గీత దగ్గర ఆగింది. మా మేస్త్రీ మాత్రం రెండో వరస పిల్లర్ల దాకా వేలు చూపించి, "ఇక్కడి వరకు మళ్లీ కట్టుకోవాల్సిందే సార్" అన్నాడు.

కొలత ఎక్కడి నుంచి తీశారన్నది ఇంకో గొడవ. ఇప్పుడున్న తారు రోడ్డు మధ్య నుంచా, ప్లానులో గీసిన సెంటర్ లైన్ నుంచా? రెండింటికీ 3 అడుగుల తేడా వస్తే ఒక వైపు వాళ్లకి కలిసొస్తుంది, రెండో వైపు వాళ్లకి ఆ మేరకు పోతుంది. టేపు పట్టుకున్న రోజు మా ఎదురింటాయన చాలా హుషారుగా ఉన్నాడు, ఎందుకో తర్వాత అర్థమైంది.

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద దెబ్బ లెవెల్. పాత రోడ్డు మీద కంకర, దాని మీద తారు పొరలు పడేసరికి, రోడ్డు కంటే రెండు మెట్లు పైనుండే మా గడప ఇప్పుడు రోడ్డు కంటే ఒక మెట్టు కిందికి వచ్చింది. వాన పడితే రోడ్డు మీది నీళ్లు నేరుగా షట్టర్ లోపలికే. కొత్త రోడ్డు ఎత్తు ఎంతో ప్లానులో ముందే ఉంటుంది, పని మొదలవకముందే అడిగి రాయించుకోవాలి. "డ్రైన్ వస్తుంది లెండి" అనే మాట మీద ఇల్లు కట్టలేం.

డివైడర్ పడ్డాక కింద షాపు అద్దెకున్నతను, "అన్నా, అటువైపు బండ్లు ఇక్కడ ఆగడమే లేదు, అద్దె కాస్త చూడు" అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. ఇక చప్పుడు సంగతి. బండ్ల వరసకీ గోడకీ మధ్య దూరం సగమైతే శబ్దం దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది గానీ, శబ్ద శక్తి లెక్కలో అది రెట్టింపు.

బ్రిటన్‌లో 1973 నాటి చట్టం ప్రకారం, గజం స్థలం పోకపోయినా కొత్త రోడ్డు చప్పుడు, పొగ వల్ల ఇంటి విలువ తగ్గితే పరిహారం అడగవచ్చు. మన 2013 భూసేకరణ చట్టంలోనూ 28వ సెక్షన్ పోయిన ముక్క విలువతో ఆగిపోదు. మిగిలిన ఆస్తికి, సంపాదనకి జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. అడిగేవాళ్లే తక్కువ. అందరం గజం రేటు దగ్గరే కొట్టుకుంటాం.

"రోడ్డు పెద్దదైంది, రేటు పెరిగింది కదా!" అంటారు చుట్టాలు. అమ్ముకునేవాళ్లకి పెరిగింది, నిజమే. మా పక్కవాళ్లకి మిగిలింది 10 అడుగుల లోతు. ముందు సెట్‌బ్యాక్, అంటే రూలు ప్రకారం ఖాళీగా ఉంచాల్సిన జాగా, వదిలితే గది కూడా పడదు. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటుంటే మొత్తం తీసుకోమని యజమాని కోరవచ్చని అదే చట్టం 94వ సెక్షన్ చెబుతుంది. వాళ్లకి ఆ కాగితం నేనే రాసిపెట్టాను. ఆఫీసులో తీసుకుని స్టాంపు వేశారు, జవాబు ఇంకా రాలేదు.