తోకలు లెక్కపెట్టే ముందు మొప్పలు చూడండి

వాగు వెంట ఎగువకి నడిచిన దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: రాళ్లు, ఎండ, మోకాళ్ల లోతు నీళ్లు. చెప్పాల్సిందంతా వాగులో పట్టిన నీటి పురుగుల్ని వేసిన తెల్ల ట్రేలోనే ఉంది.

మా దగ్గరున్న గుర్తింపు చార్టులో మూడు తోకలుంటే మేఫ్లై లార్వా, రెండుంటే స్టోన్‌ఫ్లై అని రాసుంది. రెండూ పిల్ల దశలో నీళ్లలో పెరిగి, తర్వాత రెక్కలొచ్చి బయటికెగిరే పురుగులే. అలా తేల్చెయ్యడం చూస్తే నాకు చిరాకు.

నీళ్లు రాళ్ల మీద గలగలా పారే చోట, అర మిల్లీమీటరు కన్నులున్న వలని అడుగుకి ఆనించి పట్టుకుని, దానికి ఎగువన ఒక నిమిషం పాటు కాళ్లతో రాళ్లు కదిపాం. వలలో పడిందంతా ట్రేలో వేసి నీళ్లు తేటపడే దాకా ఆగాలి. చెత్త అడుక్కి చేరుతుంది, పురుగులు కదులుతూ దొరికిపోతాయి.

ముందు కనబడింది ఒక బల్లపరుపు పురుగు. కళ్లు తల పైభాగాన, తోకలు రెండే. చార్టు ప్రకారం స్టోన్‌ఫ్లై! పది రెట్ల లెన్స్ పెడితే పొట్టకి రెండు పక్కలా రేకుల్లాంటి మొప్పలు, ప్రతి కాలి చివరా ఒక్కటే గోరు. స్టోన్‌ఫ్లైకి గోళ్లు రెండు. మొప్పలుంటే చాలావాటికి కాళ్ల మొదట్లో ఉంటాయి. ఇది ఎపియోరస్, పుట్టుకతోనే రెండు తోకల మేఫ్లై. ఇక సన్న తూనీగ పిల్లకి వెనక కనిపించే మూడు రేకులు అసలు తోకలే కావు, మొప్పలు.

నీళ్లు నిలిచిన బురద మడుగులో కష్టం ఇంకోరకం. అక్కడి కీనిడే అనే మేఫ్లై కుటుంబపు పిల్లకి మొప్పలే లేవనిపిస్తుంది. సూది మొనతో పొట్ట మీది బురద తుడిస్తే రెండు చతురస్రపు మూతలు బయటపడతాయి. అవి రెండో ఖండం మొప్పలే. వెనకున్న సున్నితమైన మొప్పల్లోకి మట్టి చేరకుండా కాస్తాయి. ఎంత చూసినా తనివి తీరదు!

చేపపిల్లలా దూసుకెళ్లేది, మీసాలు పొడవుగా ఉన్నది చాలావరకు బీటిడే అనే మరో మేఫ్లై కుటుంబానిది.

పట్టకారుతో పట్టుకుంటే మొప్పలు రాలిపోతాయి, అవి రాలితే గుర్తింపు అక్కడితో ఆగిపోతుంది. పిపెట్‌తోనో చెంచాతోనో తీయాలి. పురుగుల్ని దాచే ఆల్కహాల్‌లో రంగులు వెలిసిపోతాయి కాబట్టి ముందే ఫొటో తీసుకోవాలి. 80 శాతం ఆల్కహాల్ పోసినా పురుగుల ఒంట్లోని నీటితో పలచబడుతుంది, మర్నాడు మార్చాలి. లేబుల్ పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వెయ్యాలి, పెన్ను సిరా కరిగిపోతుంది. మరీ చిన్న పురుగు పిల్లలకి మొప్పలు పూర్తిగా ఏర్పడవు, వాటికి జాతి పేరు పెట్టే సాహసం వద్దు. రెక్కల మొగ్గలు నల్లబడ్డవి, అంటే బాగా ఎదిగినవి, ఎంచుకుంటే పని తేలిక.