నాయిన బాయి చొక్కాలు

నేను టైలరింగ్ ఏ సెంటర్లోనూ నేర్చుకోలేదు. మా నాయిన బాయి చొక్కాల మీద నేర్చుకున్న.

ఇల్లందులో పుట్టి పెరిగినవాళ్లకు బాయి అంటే నీళ్ల బాయి గుర్తుకురాదు, బొగ్గు బాయే. చిన్నప్పుడు కొత్తవాళ్లు కనపడితే మొదట అడిగేది ఇంటిపేరు కాదు. "మీ నాయిన ఏ బాయి?" "ఇరవై ఒకటి." అంటే 21 ఇంక్లైన్, ఏటవాలు దారిన దిగే బొగ్గు బాయి. ఆ ఒక్క మాటతో మేం ఎవరమో, ఎక్కడుంటమో వాళ్లకు తెలిసిపోయేది. మేముండేది నెంబర్ 2 బస్తీ.

బాయిలోకి దిగేముందు ల్యాంప్ రూమ్‌లో నెంబరు బిళ్ల ఇచ్చి క్యాప్ ల్యాంపు తీసుకునేవాళ్లు. దీపం టోపీకి, బ్యాటరీ నడుముకు, రెంటికీ మధ్య వీపు మీదుగా వైరు. ఆ బ్యాటరీలో ఉండేది ఆసిడ్. మా నాయిన కోల్ ఫిల్లర్. షాట్ పేల్చాక రాలిన బొగ్గును చెమ్మస్ అనే పెద్ద పారతో తట్టకెత్తి, తట్టను టబ్బులో, అంటే పట్టాల మీది బొగ్గు బండిలో పోయడం పని. షిఫ్టంతా వంగడం, లేవడమే. వంగినప్పుడల్లా బ్యాటరీ నుంచి ఒకటో రెండో చుక్కలు కారేవి. ఇంటికొచ్చేసరికి చొక్కా మీద ఏమీ కనపడదు, ఎట్లాగూ అంతా నలుపే కదా. ఉతికి ఆరేస్తే తెలిసేది, నడుం దగ్గర జల్లెడ.

అమ్మ మాసికలు వేసేది. ఆమెకు చూపు ఆనకపోవడంతో నా పదకొండో ఏట సూది నా చేతికొచ్చింది. మొదటి మాసిక నాలుగు రోజులు కూడా నిలవలేదు. చిల్లు ఎంతుందో అంతకే గుడ్డ కోసి కుట్టిన. "చిల్లును చూడకు, చిల్లు చుట్టూ చూడు" అన్నది అమ్మ. ఆసిడ్ తగిలిన చోటు చుట్టూ దారం పైకి బాగానే కనపడుతుంది, కానీ లోపల చచ్చిపోయి ఉంటుంది. గోటితో గీరితే పొడి రాలుతుంది. గీరుకుంటూ పోయి, గట్టి దారం తగిలినంక అక్కడ కత్తెర పెట్టాలి. అక్కడి నుంచి ఇంకో రెండు వేళ్లు ఎక్కువ గుడ్డ వేసి కుట్టాలి. అరచెయ్యంత చిల్లుకు ఒక్కోసారి పళ్లెమంత మాసిక పడేది. ముప్పై ఏళ్లుగా దుకాణం నడుపుతున్న, ఇంతకంటే పనికొచ్చే పాఠం నాకెవరూ చెప్పలేదు.

తర్వాత సెకండ్ హ్యాండ్ మిషను కొన్నం. కొన్నం గానీ, మూడు వారాల్లో ఒక వారం దాన్ని ముట్టుకునేది లేదు. నాయినకు నైట్ షిఫ్టు పడితే పొద్దున వచ్చి, స్నానం చేసి, తిని, పడుకునేవాడు. ఎంత రుద్దుకున్నా కంటి రెప్పల అంచున బొగ్గు పోదు, కాటుక పెట్టుకున్నట్టు ఉండేది. మాది ఒకటే గది, వంటగది పేరుకు ఇంకొకటి. ఆయన నిద్రపోయే వారం అమ్మ రోలు దగ్గరికి పోయేది కాదు, పచ్చడి నూరాలంటే మొదటి షిఫ్టువాళ్ల ఇంటికి పోయి నూరుకొచ్చేది. పిల్లలం బుగ్గవాగు దిక్కు పోయి ఆడుకోవాలి. నేను మాత్రం గడప దగ్గర కూర్చుని చేత్తో కుట్టేదాన్ని. బస్తీలో ఏ ఇంటికి ఏ షిఫ్టో అందరికీ తెలుసు. గాజులమ్మే ఆమె కూడా నైట్ షిఫ్టు ఇంటి ముందుకొస్తే కేక ఆపేసి నడిచేది. బొగ్గూరు అంటే ఎప్పుడూ మోతే అనుకుంటారు బయటివాళ్లు. మా వీధి పగటిపూట అంత నిశ్శబ్దంగా ఉండే వీధిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇంకో సంగతి, తెల్లబట్టలు. సాయంత్రం దండెం మీద తెల్ల బట్ట ఉంచిందంటే ఆ కోడలు కొత్తగా వచ్చిందని అర్థం. ఇంటింటి ముందూ బొగ్గు రాజేసేవాళ్లు. పచ్చిబొగ్గు పొగంతా పోయి ఎర్రగా కాలేదాకా పొయ్యి వాకిట్లోనే ఉండాలి, ఆ తర్వాతే లోపలికి. ఆ గంటసేపు బస్తీ బస్తీ అంతా కనపడకుండా పోయేది. మా బడి చొక్కాలు పేరుకే తెలుపు. గ్యాస్ వచ్చినంక ఆ పొగ పోయింది. దాని మీద నాకేం బెంగ లేదు, అమ్మ దగ్గు విన్నవాళ్లెవరికీ ఉండదు.

"సింగరేణి అంటే గోదావరిఖని కదా" అంటారు హైదరాబాద్‌లో మా చుట్టాలు. నాకు ఒళ్లు మండుతుంది. సింగరేణి అన్నది మా పక్కన కారేపల్లి దగ్గరి ఊరి పేరు. భద్రాచలం రాముడి దగ్గరికి నడిచిపోయే భక్తులు ఇక్కడ దిగి మూడు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే, ఆ రాళ్లే అంటుకున్నయని మా నాయనమ్మ చెప్పేది. కాగితం మీద ఉన్నదేమో 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ చుట్టుపక్కల బొగ్గు ఉందని కనిపెట్టడం. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. తర్వాత హెడ్డాఫీసు కొత్తగూడెంలో, పెద్ద పెద్ద బాయిలు గోదావరి దిక్కు. పుట్టిల్లు మాత్రం మాదే, పాత మనుషులు ఇప్పటికీ మా ఊరిని బొగ్గుట్ట అనే అంటరు.

నా దుకాణానికి బాయి కూత కన్నా కంపెనీ పైసలే ముఖ్యం. దసరా ముందు లాభాల వాటా, అడ్వాన్సు చేతికొస్తే జగదాంబ సెంటర్ నుంచి పాత బస్టాండ్ దాకా బట్టల కొట్లు నిండేవి, ఆ గుడ్డంతా మా మిషన్ల మీదికొచ్చేది. 2011లో సకల జనుల సమ్మె వచ్చింది. నెల రోజులకు పైగా బాయిల్లో పని బంద్, సరిగ్గా దసరా మధ్యలో. ఆ పండక్కి నేను కుట్టినవి మూడు జాకెట్లు. అందులో ఒకటి నాదే. అయినా ఎవరిమీదా కోపం రాలేదు, మేం కూడా టెంటు కింద కూర్చున్నోళ్లమే.

ఇప్పుడు 21 కూడా మూతపడ్డది. మా దిక్కు ఉన్నవన్నీ ఓపెన్‌కాస్టులు, పైనుంచే తవ్వుకుంటూ పోయే గనులు. డంపర్ డ్రైవర్లు వస్తరు నా దగ్గరికి. వాళ్ల చొక్కాలకు చిల్లులుండవు, బొత్తాలు మాత్రం పొట్ట దగ్గర తెగుతయి.

నాయిన రిటైరైనంక ఆయనకు మొదటిసారి కొలతలు తీసుకున్న. అప్పటిదాకా బాయి చొక్కాలకు మాసికలు వేయడమే కానీ, పండుగ చొక్కా ఎప్పుడూ రెడీమేడే. ప్రతిసారీ కుడి పక్క ముడతలు పడేది, కుట్టినవాడిని తిట్టేవాడు. టేపు పెట్టి చూస్తే తెలిసింది, ఎడమ భుజం కన్నా కుడి భుజం అంగుళమున్నర కిందికి. తట్ట ఎత్తీ ఎత్తీ దిగిపోయింది. ఆయన కొలతల పక్కన పుస్తకంలో "కు. భు. 1½ దించాలి" అని రాసుకున్న. తర్వాత వచ్చిన పాత ఫిల్లర్లను గమనించిన. ఎక్కువ తక్కువగా అందరివీ అంతే, ఎడమ చేతివాటం ఉన్నవాళ్లకు ఎడమ.

మొన్న ఒక పెద్దాయన వచ్చిండు, సుభాష్‌నగర్ నుంచి, మనవరాలి పెళ్లికి చొక్కా కావాలని. తీసుకుపోయే రోజు అద్దం ముందు వేసుకుని అటూ ఇటూ తిరిగి చూసుకున్నడు.

"కుడి పక్క ముడత లేదు. ఏం చేసినవ్ బిడ్డా?"

"భుజం దించిన, తాతా."

కాసేపు నా దిక్కు చూసిండు. "మీ నాయిన ఏ బాయి?"

"ఇరవై ఒకటి. ఫిల్లరు."

"మరి ముందే చెప్పొద్దా" అని, కుట్టుకూలిలో యాభై రూపాయలు తగ్గించి చేతిలో పెట్టి పోయిండు.