దుబాయ్ ఫ్రీజర్, ధర్మపురి చలి

"దుబాయ్‌ల సలేందిరా?" అని మా ఊళ్లో నవ్వుతారు. వాళ్లకు తెలిసింది ఎండ దుబాయ్. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని సర్కారే రూలు పెట్టిన దేశం మరి. నా డ్యూటీ మాత్రం జెబెల్ అలీ వైపు ఒక కోల్డ్ స్టోర్‌లో, మైనస్ 18 డిగ్రీల గదిలో. బ్రెజిల్ కోళ్లు, మన దేశం నుంచే వచ్చే బర్రె మాంసం, చేపలు, బఠాణీలు... అట్టపెట్టెలు లెక్క చూసి ప్యాలెట్ మీద పేర్చాలి. ఆగస్టులో బస్సు దిగితే చొక్కా ఒంటికి అంటుకుంటుంది. లోపలికి పోయిన కాసేపటికి మాస్కు అంచున ఊపిరి గడ్డకట్టి తెల్లగా నూగు పడుతుంది.

కొత్తగా చేరినవాళ్లకు మా నేపాలీ సీనియర్ ముందు చెప్పేది ఒకటే: చెమట పట్టనియ్యొద్దు. కోటు కింద మందంగా తొడుక్కుని ఉరుకులాడితే బనియన్ తడుస్తుంది. తడిసిన బనియన్‌తో ఓ ఐదు నిమిషాలు నిలబడితే వెన్నులోంచి వణుకు మొదలవుతుంది. రెండు జతల సాక్సులు ఇరికించి బూటు వేసుకున్నవాడి వేళ్లే ముందు మొద్దుబారతాయి. ఒక్క జత వదులుగా వేసుకున్నవాడు నిమ్మళంగా పని చేసుకుంటాడు. బట్టకూ ఒంటికీ నడుమ చిక్కిన పొడి గాలే మనిషిని కాస్తుంది, మీద వేసిన బరువుతో పని లేదు. ఈ సంగతి ఇక్కడ నా జీతానికి ఎంత పనికొచ్చిందో, ఇంటికాడ మా చిన్నోడి రాత్రులకు అంతకన్నా ఎక్కువ పనికొచ్చింది.

వాడికి ఏడో నెల. పుట్టినప్పుడు నేను సెలవులో ఉన్నాను, తర్వాత పెరిగిందంతా ఫోన్లోనే చూస్తున్నాను. మాది ధర్మపురి దగ్గర గోదారి పక్క ఊరు. కార్తీకం దాటిందంటే తెల్లారుజామున పొలాల మీది మంచు వాకిట్లోకి వస్తుంది. ఐదారు డిగ్రీలకు పడిపోయే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవి మండలాలంత కాదు గానీ, మా దగ్గరా చలి తక్కువేం కాదు. పైగా ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా గల్ఫ్ పైసలతో కట్టిన స్లాబు ఇళ్లు, కింద షాబాదు బండలు. మా దిక్కు ఇల్లు కట్టేవాళ్లంతా ఎండాకాలాన్నే లెక్కలోకి తీసుకుంటారు. చలికాలం రెండు నెలలే కదా అని.

నా షిఫ్టు అయ్యేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ పదిన్నర. వాట్సాప్ కాల్ ఇక్కడ పోదు కాబట్టి బోటిమ్ యాప్‌లో చేయాలి. మొన్న చలి ముదిరిన రోజు చేస్తే తెర మీద పిల్లగాడు లేడు, గొంగడి ఉంది. దాని అంచున ఒక కుల్ల, కుల్ల కింద కొంచెం ముక్కు.

"అవ్వా, పోరడు ఏడి?"

"గీడ్నే ఉన్నడు. సేతులు సల్లగైతున్నయ్ కొడుకా, మంచిగ కప్పిన. మంచం కింద కుంపటి గూడ వెట్టిన."

మిగతా ముచ్చట తర్వాత, ముందు ఆ కుంపటి బయట పెట్టి కిటికీ తియ్యమని మా ఇంటామెకు చెప్పాను. మూసిన గదిలో బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడూ అది వస్తూనే ఉంటుంది. పడుకున్నవాళ్లకు మెలకువ కూడా రాదు. చలికాలం రాగానే గదుల్లో, టెంట్లలో బొగ్గులు పెట్టుకుని పడుకోవద్దని ఇక్కడ గల్ఫ్‌లోనూ సివిల్ డిఫెన్స్ వాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు. అవ్వ ఒప్పుకోదు. "మీరందరు గా కుంపటి కాడనే పెరిగిండ్రు" అంటుంది. పెరిగాం, నిజమే. పెంకుల సందుల్లోంచి గాలి ఆడే ఇంట్లో పెరిగాం. ఇప్పటిది గాజు కిటికీలు బిగించిన స్లాబు గది.

చేతులు చల్లగా ఉండటం కూడా అంత భయపడాల్సింది కాదు. పసిపిల్లల చేతులు, పాదాలు చల్లగానే ఉంటాయి. చలి పెడుతుందో లేదో తెలియాలంటే మెడ వెనక గానీ, ఛాతీ మీద గానీ చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే బాగున్నట్టే. చెమట తగిలితే ఒక బట్ట తీసెయ్యాలి. ఛాతీ కూడా చల్లబడి, పాలు తాగక మగతగా ఉంటే మాత్రం ఒంటికి ఒళ్లు ఆనించి పట్టుకుని, మీదుగా కప్పి, 108కి ఫోన్ చెయ్యాల్సిందే.

అవ్వ భయం ఊరికే వచ్చింది కాదని నాకూ తెలుసు. పుట్టిన కొత్తలో పిల్లలకు మనలా వణుకు రాదు. మెడ చుట్టూ, భుజాల నడుమ ఉండే గోధుమరంగు కొవ్వు కరిగి వాళ్లకు వేడి పుడుతుంది. బరువుకు మించిన చర్మం ఉంటుంది కాబట్టి ఆ వేడి తొందరగా పోతుంది కూడా. కానీ అతిగా కప్పినా అంతే ప్రమాదం. ఏడాదిలోపు పిల్లలు కారణం తెలియకుండా నిద్రలోనే పోయే ఘటనల్లో ఒళ్లు వేడెక్కిపోవడం, మొహం మీద బట్ట పడటం ముప్పును పెంచుతాయని పిల్లల డాక్టర్లు చెబుతారు. వెల్లకిలా పడుకోబెట్టమనేది, ఇంట్లో నిద్రపోయేటప్పుడు కుల్ల వద్దనేది అందుకే. పిల్లలకు ఎక్కువైన వేడి బయటికి పోయే దారి తల.

ఏడో నెలలో ఇంకో చిక్కు ఉంది. వాడు బోర్లా పడుతున్నాడు, కాళ్లతో తంతున్నాడు. కప్పింది కప్పినట్టు ఉండదు. గొంగడి అయితే కాళ్ల కిందికి పోతుంది, లేదంటే మొహం మీదికి వస్తుంది. పొత్తిళ్లలా బిగించి చుడితే ఇంకా కష్టం, బోర్లా పడ్డాక చేతులు ఆడక మళ్లీ తిరగలేడు. ఇక్కడి దుకాణాల్లో దీనికే స్లీపింగ్ బ్యాగులు అమ్ముతారు. చేతులు లేని గౌను, కింద మూసేసిన సంచి, ఒక జిప్పు. దాని మీద టాగ్ అని ఒక అంకె ఉంటుంది, బట్ట ఎంత వెచ్చనో చెప్పే కొలత. గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే 2.5, ఇరవై దాటితే 1. ఊరికి పోయే మనిషితో నేను పంపిన గోడ థర్మామీటర్ మా గదిలో తెల్లారుజామున 16 చూపించింది.

కొందామనే పోయాను. కొలత కాడ ఆగిపోయాను. పెరిగే పిల్లగాడు కదా, రెండు సైజులు పెద్దది తీసుకో అనడం మనకు అలవాటు. చొక్కాకైతే నడుస్తుంది. ఈ సంచికి నడవదు, మెడ వెడల్పైతే తల లోపలికి జారుతుంది. పోనీ ఇవాళ్టి కొలతకే కొంటే, కార్గోలో పడి ఊరు చేరేలోపు పొట్టిదవుతుంది. పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లు ఉండే బిడ్డ ఏడాదికి 75 దాకా సాగుతుంది. బరువు ఐదో నెలకే రెట్టింపు. దూరాన ఉన్న తండ్రి కొనే బట్ట ఎప్పుడూ పాత కొలతదే.

మా ఇంటామెకు మిషన్ పని వచ్చు. "ఫోటో పెట్టు, నేనే కుడత" అంది. ఫోన్ గోడకు ఆనించి, వాణ్ని పండబెట్టి, దారంతో భుజం నుంచి మడమ దాకా కొలిచింది. వాడు ఆ దారం పట్టుకుని గుంజుతుంటే మూడుసార్లు మొదలుపెట్టింది. పాత నూలు చీర రెండు పొరలు, నడుమ పలుచగా దూది. మెడ దగ్గర ఒక్క వేలు పట్టేంత వదులు. కింద మాత్రం కప్పలా కాళ్లు మడుచుకునేంత వెడల్పు, తుంటి కీలు ఎదిగే వయసు కాబట్టి. గుండీలు లేవు, నాడాలు లేవు. జిప్పు కింది నుంచి తెరుచుకునేలా పెట్టింది. దుకాణంలో అంతసేపు తిప్పి చూసినా నాకు తట్టలేదది: రాత్రి డైపర్ మార్చాలంటే ఛాతీ విప్పే పని లేదు. అడుగున జానెడు బట్ట లోపలికి మడిచి వదులు కుట్టు వేసింది, వాడు పెరిగినకొద్దీ విప్పడానికి.

ఆ సంచి లోపల ఒక నిండు చేతుల నూలు బనియన్, ఒక పైజామా. పెద్దవాళ్లకు ఎన్ని పొరలు కావాలో అంతకు ఒకటి ఎక్కువ, అంతే. మార్చే బట్టను ముందే తన దుప్పట్లో పెట్టుకుని పడుకుంటుంది, తొడిగేటప్పుడు చల్లగా తగలకుండా. స్నానం ఎండ పొద్దుకు జరిగింది. ఊదు పొగ బంద్ అయింది, దాని మీద రెండు రోజులు మాటల్లేవు.

అవ్వ తరఫున కూడా ఒకటి చెప్పాలి. నేనూ మా ఇంటామె పైన కప్పేదాని గురించే కొట్లాడుతుంటే, కింది నుంచి వచ్చే చలి సంగతి ఎత్తింది ఆమే. పరుపు తీసేయించి తన బొంత పరిపించింది. పాత చీరలు పొరలేసి బిగువుగా కుట్టిన బొంత కుంగదు, ముడత పడదు. పసివాడికి కావలసింది అలాంటి గట్టి పక్కే. నులక మంచం వద్దని నేనంటే ఈసారి ఎదురు చెప్పలేదు. పెద్దపిల్ల సర్కారు దవాఖానలో పుట్టినప్పుడు కేసీఆర్ కిట్‌లో వచ్చిన దోమతెర పరుపు ఇంకా ఉంది గానీ, వీడి కాళ్లు దాన్ని దాటిపోయాయి. ఇప్పుడు వాళ్లమ్మ మంచం పక్కనే, కిటికీకి దూరంగా, వాడికి వేరే పక్క.

కుల్ల పంచాయితీ మాత్రం తెగలేదు. పడుకునేముందు అవ్వ పెడుతుంది, అవ్వ పడుకున్నాక కోడలు తీస్తుంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మాట్లాడరు.

శివరాత్రికి శివశివా అనుకుంటూ చలి పోతుంది. వచ్చే కార్తీకానికి వాడికి ఏడాదిన్నర. నడుస్తుంటాడు, సంచిలో ఉండనంటాడు. ఏడాది దాటాక పలుచని దుప్పటి కప్పొచ్చని డాక్టరమ్మ చెప్పింది. పలుచని అన్న మాట అవ్వ చెవిన పడలేదు. గొంగడిని ఎండకేసి, మడిచి సందుగలో పెట్టింది. "వచ్చే ఏడు ఎవ్వలు ఆపుతరో సూస్త" అంటుంది.