పెంకుల కప్పు రిపేరు: మూడో వాసం దగ్గర మళ్లీ చుక్క

మళ్లీ కురిసింది. పైపుతో నీళ్లు కొట్టి చూసినప్పుడు ఒక్క చుక్క రాలేదు, రీపర్ల (వాసాల మీద అడ్డంగా కొట్టి, పెంకులు తగిలించే పట్టీల) కింద చెయ్యి పెట్టి తడిమితే పొడిగా ఉంది, హమ్మయ్య దీని పని అయిపోయింది అనుకున్నా. నిన్న రాత్రి గాలివాన పట్టుకునేసరికి అదే మూడో వాసం దగ్గర టప్పు టప్పుమని మొదలు. ఇదివరకటిలా ధార కాదు, నిమిషానికి నాలుగైదు చుక్కలు, అంతే. కానీ పడే చోటు మారింది. ముందు చూరు నుంచి వాలు వెంబడి కొలిస్తే 110 సెంటీమీటర్ల దగ్గర పడేది, ఇప్పుడు 90 దగ్గర పడుతోంది. ఈ 20 సెంటీమీటర్ల తేడా చూశాక నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇన్నాళ్లకి దొరికిన అసలైన ఆధారం ఇదే.

మిగతా పనులన్నీ బాగానే కుదిరాయి. కొప్పు పెంకుల కింద పాత సిమెంటు గీకేసి సున్నం ఎక్కువ కలిపిన మాలు పెట్టా, నెర్రె లేదు. గోడ పక్కన రేకు మార్చా, తడి లేదు. పగిలిన పెంకులు మార్చేశా. వాటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ఇక మూడో వాసం సంగతి, నిన్నటి వానకి ముందు చేసిందంతా మొదట చెప్తా. చుక్క పడేచోటికి సరిగ్గా పైన ఉన్న పెంకులు తీసి ఒక్కోటీ వేలి కణుపుతో కొట్టి చూశా, అన్నీ ఖంగుమన్నాయి, బొంగురుగా పలికింది ఒక్కటీ లేదు. అయినా అనుమానం తీరక ఒకదాన్ని తిరగేసి అంచుల చుట్టూ మైనం కట్ట కట్టి నీళ్లు నిలబెట్టా. అరగంటకి అవతలి వైపు చెమ్మ కనిపించింది గానీ బొట్టు కట్టలేదు. ఇంకోటి పొడిగా తూస్తే 2.6 కేజీలు, రాత్రంతా నీళ్లలో నానబెట్టి తూస్తే 3 కేజీలు. అంటే పెంకు తన బరువులో 15 శాతం నీళ్లు తాగింది, మట్టి పెంకుకి అది మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ ఈ లెక్క వేరే చోట పనికొచ్చింది. చదరపు మీటరుకి సుమారు 15 పెంకులు కూర్చుంటాయి కదా, పొడి బరువే 39 కేజీలు, బాగా తడిస్తే 45. కప్పు మొత్తానికి గుణిస్తే వాసాలు ఏళ్ల తరబడి ఎంత మోస్తున్నాయో అర్థమవుతుంది. అప్పుడే వాసం కుంగిందేమో చూడాలనిపించింది.

కొప్పు నుంచి చూరు దాకా దారం లాగి కట్టి చూస్తే మూడో వాసం మధ్యలో 38 మిల్లీమీటర్లు కుంగింది, అటూ ఇటూ ఉన్న వాసాలు 8, 10 అంతే. వాసం పొడవు 3 మీటర్లు. కుంగిన వాసానికి పై సగం వాలు పెరుగుతుంది, కింది సగం వాలు తగ్గుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. రసమట్టం, కోణం చూపించే ఫోన్ యాప్ రెండూ పెట్టి చూశా, పైన 29 డిగ్రీలు, కింద చూరు దగ్గర 23. మంగుళూరు పెంకులకి దాదాపు 26 డిగ్రీలు, అంటే రెండడుగులకి అడుగు ఎత్తు వాలు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 23 అంటే నీళ్లు మెల్లగా కదులుతాయి, పెంకు మీద పెంకు ఎక్కిన చోట కాస్త ఆగి వెనక్కి పాకుతాయి. పైగా ఒక్క వాసమే కుంగడం వల్ల అటు రెండు ఇటు రెండు వరసల నీళ్లు కూడా ఆ పల్లంలోకే జారుతున్నాయి, తన వంతు కాని నీళ్లు కూడా ఆ ఒక్క వరసే మొయ్యాల్సి వస్తోంది.

ఇది చాలదన్నట్టు పెంకుల కింది అంచు పొడుగునా ఎప్పుడో ఎవరో పూసిన సిలికాన్ ఉంది. దీని మీద నా అభిప్రాయం గట్టిగానే చెప్తా: పెంకుల కప్పుకి సిలికాన్ పూయకూడదు. లాకింగ్ పెంకులో, అంటే ఒకదాని గాడిలో పక్కదాని గట్టు కూర్చునే ఇలాంటి పెంకులో, ఎంతో కొంత నీరు లోపలికి వస్తుంది, గాడిలోంచి జారి కింది పెంకు మీదకి వెళ్లిపోతుంది, ఆ కప్పు పని చేసేదే అలా. బయటికి పోయే దారి మూసేస్తే ఆ నీళ్లు లోపల నిలబడి గట్టు దాటి ఇంట్లోకి దిగుతాయి. బ్లేడుతో మొత్తం కోసి తీసేశా, ఆ ఒక్క పనికే కారడం సగానికి సగం తగ్గింది. పెంకులో సన్నటి నెర్రె ఉంటే ఎం-సీల్ పెట్టండి, రంగు తేడాగా కనిపిస్తుంది గానీ గట్టిగా పట్టుకుంటుంది, నాకైతే దాని మీద నమ్మకం ఉంది. శ్లాబులకి వాడే పూత మందులు శ్లాబులకే ఉంచుకోవడం మంచిది.

వాసం ఎత్తడానికి ముందు ఆ పట్టీలో పెంకులన్నీ దించేశా, బరువు మీద ఉండగా ఎత్తితే రీపర్ల మేకులు లేచిపోతాయి. కింద పలక వేసి, నిట్టాడు నిలబెట్టి, బాటిల్ జాకీతో రోజుకి మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే లేపా, ఎండిన పాత కర్రని ఒక్కసారిగా లేపితే చిట్లుతుంది. 38 కాస్తా 12కి వచ్చాక కర్ర కిర్రుమనడం మొదలుపెట్టింది, అక్కడ ఆపేశా. పక్కన 1.8 మీటర్ల కొత్త కర్ర ఆనించి 10 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించా, బోల్టుకీ బోల్టుకీ 30 సెంటీమీటర్లు, ఒకటి పైకి ఒకటి కిందికి, అన్నీ ఒకే గీతలో పెడితే కర్ర ఆ గీత వెంబడే చీలుతుంది. మిగిలిన 12 మిల్లీమీటర్లకి రీపర్ల కింద చెక్క పట్టీలు వేశా. ఇప్పుడు చూరు దగ్గర వాలు 26 చూపిస్తోంది. పెంకులు మళ్లీ పేర్చి, కింది వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసకి పావుగంట చొప్పున పైపు పెట్టా, పొడి.

మరి నిన్న రాత్రి ఎందుకు కురిసింది?

పొద్దున్నే కప్పు లోపలి వైపు ఎక్కి వాసం పక్క తలానికి సుద్దపొడి అద్ది పెట్టా, మధ్యాహ్నం ఇంకో జల్లు వచ్చింది, అదృష్టం. జల్లు ఆగగానే టార్చి వేసి చూస్తే తెల్లటి పొడి మీద సన్నటి చార, వాసం ఎడమ పక్క, చూరు నుంచి నాలుగో రీపరు ఆనిన మూలలో మొదలై, వంకర లేకుండా కిందికి వచ్చి 90 దగ్గర కర్రకి ఉన్న చిన్న ముడి దగ్గర ఆగింది. ఆ ముడి చివర బొట్టు ఇంకా వేలాడుతోంది. అంటే నీళ్లు దూరే చోటు మారలేదు! ఇదివరకు వాలు తక్కువగా ఉండి 110 దగ్గరే కర్రని వదిలేసి పడిపోయేది, ఇప్పుడు వాలు సరయ్యింది కాబట్టి కర్రని అంటిపెట్టుకుని ఇంకో 20 సెంటీమీటర్లు జారి పడుతోంది. దూరే చోటు నాలుగో రీపరు దగ్గరే, మొదటి నుంచీ.

పైపు పెడితే రాకుండా వానకే రావడానికి కారణం గాలి. మా కప్పు మీద కుడి పెంకు అంచు ఎడమ పెంకు గట్టు మీద ఎక్కి కూర్చుంటుంది, అంటే ప్రతి అతుకు నోరు ఎడమ వైపు తెరిచి ఉంటుంది. నిన్న గాలి కొట్టింది ఎడమ నుంచే. నేను పైపు పెట్టింది పై నుంచి నిటారుగా. అందుకని ఈసారి నాజిల్‌ని సన్న జల్లు మీద పెట్టి, ఎడమ వైపు నుంచి, పెంకుకి దాదాపు సమాంతరంగా కొట్టా. ఆరేడు నిమిషాలకి చుక్క! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఇంట్లో నీళ్లు కారుతుంటే ఎవరైనా సంతోషిస్తారా అని మా వాళ్లు అడిగారు గానీ, కావాలన్నప్పుడు కారించగలిగితే ఆపడం కూడా చేతిలోకి వచ్చినట్టే. ప్రెషర్ వాషర్‌తో మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు, ఆ ఒత్తిడికి మంచి అతుకులోంచి కూడా నీళ్లు దూరతాయి, పెంకు పై పొర కూడా లేచిపోతుంది.

నాలుగో రీపరు మీది పెంకు ఎత్తి చూస్తే విషయం బయటపడింది. దాని అడుగున ఉన్న ఫ్యాక్టరీ ముద్ర వేరు, పక్క పెంకుల ముద్ర వేరు. పాత రిపేరులో ఎవరో తెచ్చి పెట్టింది, రంగు వెలిసి అన్నిట్లో కలిసిపోయింది కాబట్టి పైకి తెలీదు. వెర్నియర్ (మిల్లీమీటర్లలో సన్న కొలతలు తీసే పనిముట్టు) పెట్టి కొలిచా: మిగతా పెంకుల పక్క గాడి లోతు 9 మిల్లీమీటర్లు, దీనిది 6. పక్క పెంకు గట్టు ఈ గాడిలోకి పూర్తిగా దిగట్లేదు, మీద ఆనుకుని ఉందంతే. అతుకులో అగ్గిపుల్ల సులువుగా దూరింది, రెండో పుల్ల పక్కన పెడితే అది కూడా కాస్త బిగుతుగా దూరింది, అంటే సందు దాదాపు 4 మిల్లీమీటర్లు. మూల మీద వేలు పెట్టి నొక్కితే పెంకు టక్కు టక్కుమని ఊగుతోంది. గాడి నిండా మెత్తటి ఒండ్రు, దాంట్లో నాచు వేళ్లు.

ఈ లాకింగ్ పెంకు ఫ్రాన్స్‌లో గిలార్డోని అన్నదమ్ములు 1841లో పేటెంట్ తీసుకున్న డిజైన్ నుంచి వచ్చింది, మంగుళూరులో బాసెల్ మిషన్ (స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ సంస్థ) వాళ్లు 1865లో ఫ్యాక్టరీ పెట్టాక చుట్టుపక్కల బోలెడు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఒక్కోదాని అచ్చు ఒక్కో రకం. చూడ్డానికి అన్నీ ఒకటే, పక్కపక్కన పెడితే లాకు పడదు. పెంకు కొనేటప్పుడు రంగు కాదు, ముద్ర చూడాలి. ముద్ర కలవకపోతే పాత పెంకు ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడే జత వేసి ఊపి చూడాలి, ఊగితే వద్దు.

అయితే తప్పంతా ఈ ఒక్క పెంకుదే అని ఇంకా గట్టిగా చెప్పలేను. మూడో రీపరుకీ నాలుగో రీపరుకీ మధ్య దూరం 33.5 సెంటీమీటర్లు ఉంది, మిగతా అన్ని చోట్లా 32. 41 సెంటీమీటర్ల పెంకుకి ఈ ఒకటిన్నర సెంటీమీటరు చిన్నది కాదు, పై పెంకు తోక (కింది అంచు) కింది పెంకు తల (పై అంచు) గట్టు మీద కూర్చోకుండా దాని ముందు గాల్లో ఉంటుంది. కాబట్టి నీళ్లు పక్క అతుకులోంచి దూరుతున్నాయా, తల దగ్గర నుంచా అన్నది తేలాలి. నా ఊహ పక్క అతుకే, ఎందుకంటే కుడి వైపు నుంచి అదే జల్లు అరగంట కొట్టినా చుక్క రాలేదు, తల దగ్గర దూరేదైతే రెండు వైపులా రావాలి.

రేపు రెండూ ఒకేసారి సరిచెయ్యను, చేస్తే దేనివల్ల ఆగిందో తెలీదు. ముందు పెంకు మార్పు. అదే ముద్ర ఉన్న పెంకు ఒకటి వెనక వైపు చూరు చివరి వరసలోంచి తీసి ఇక్కడ పెడతా, ఈ తేడా పెంకుని అక్కడ పెడతా, అక్కడ కారినా గోడ బయటే పడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. మళ్లీ సుద్దపొడి, మళ్లీ ఎడమ జల్లు. చార వస్తే అప్పుడు రీపరు ఊడదీసి 32కి కొడతా. దాన్ని జరిపితే పై రీపర్లన్నీ తలా కొంచెం సర్దాలి, అది రెండ్రోజుల పని, అందుకే చివరికి ఉంచా.

పెంకుల కింద నీళ్లు దిగని షీటు పరిచెయ్యమని కూడా ఒకరు చెప్పారు. షీటు మంచిదే గానీ వాసాల వెంబడి నిలువు పట్టీలు కొట్టి వాటి మీద రీపర్లు వెయ్యాలి, అప్పుడే షీటు మీద పడ్డ నీళ్లు చూరు దాకా జారతాయి. షీటు మీద నేరుగా అడ్డ రీపర్లు కొడితే ప్రతి రీపరు వెనకా నీళ్లు నిలిచి కర్ర కుళ్లిపోతుంది. చేస్తే కప్పు మొత్తం విప్పి చెయ్యాలి, ఈ వానల్లో కుదరదు.

ఆలోగా పాత ఇళ్లు విప్పే చోట అదే ముద్ర పెంకులు ఒక పాతిక దొరికితే తెచ్చి పెట్టుకోవాలి, ముక్కులు విరగనివి. ఇంకో ఆశ కూడా ఉంది: వంటింటి వైపు ఒక అద్దం పెంకు పెట్టాలని, మధ్యాహ్నం పూట కూడా అక్కడ లైటు వెయ్యాల్సి వస్తోంది. దాని గాడి కూడా 9 మిల్లీమీటర్లు ఉండాలి కదా, వెర్నియర్ జేబులో వేసుకునే వెళ్తా. ఎవరైనా మట్టి పెంకుల మధ్య అద్దం పెంకు పెట్టి ఉంటే ఆ అతుకు గాలివానకి ఎలా నిలిచిందో చెప్పండి, ముఖ్యంగా అతుకు నోరున్న వైపు నుంచి జల్లు కొట్టినప్పుడు.